కోరుకొండ మెరకలో దొరికిన గోమేధికం

చెల్లెలు సుభద్ర ఆత్రేయపురం నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, సోమవారం లోపల వచ్చి నువ్వొక రాయి చూడాలి" అన్నప్పుడే నాకు చిర్రెత్తింది. రిటైరయ్యాక నాకొచ్చే ఫోన్లన్నీ రాళ్ల గురించే. ముప్ఫై నాలుగేళ్లు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పాను. ఒక్కరూ భూమి గురించి అడగరు. ఏ వేలికి ఏం పెట్టుకోవాలో అడుగుతారు.

ఈసారి సంగతి వేలితో ఆగలేదు. సుభద్ర భర్త వీర్రాజు గారికి కోరుకొండ దగ్గర ఒక కొండవాలులో గోమేధికాలు కనిపించాయట. ఆ వాలు కింద మూడెకరాల మెరక అమ్మకానికి ఉందట. అది కొనడం కోసం ఆత్రేయపురంలో కాలవ పక్కన ఉన్న ఎకరం కొబ్బరితోట అమ్మేస్తారట. సోమవారం రిజిస్ట్రేషన్. ఆ తోట సుభద్రది. ఇరవై రెండేళ్లు పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని, బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి, పూతరేకులు తీసి, ఆ సంపాదనతో కొనుక్కున్నది. ఆవిడ సంతకం పెడితే పోతుంది, పెట్టకపోతే ఉంటుంది.

"ఆయన నిద్రపోనివ్వట్లేదు. నువ్వొచ్చి అదేంటో తేల్చు" అంది.

తేల్చడానికి పెద్దగా ఏమీ లేదనుకున్నాను. అయినా బయల్దేరాను. ఈ దారిలో రాళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని నా సంచిలో ఏమున్నాయో చెప్తాను. పదిరెట్లు చూపించే భూతద్దం, చిన్న సుత్తి, గట్టి అయస్కాంతం ఒకటి, స్టీలు గిన్నె, అరచేతిలో సగం ఉండే థర్మాకోల్ ముక్క. ఇంతకు మించి అక్కర్లేదు. సెల్‌ఫోన్లో యాప్ అసలే అక్కర్లేదు.

శనివారం ఉదయం ఐదూ నలభైకి విశాఖపట్నంలో రైలెక్కాను. సెకండ్ సిట్టింగ్, కిటికీ పక్క సీటు. అనకాపల్లి దాటాక ఎదురు సీటులో పెద్దమనిషి నా సంచిలోంచి బయటికొచ్చిన సుత్తి పిడిని చాలాసేపు చూశాడు.

"మేస్త్రీ గారా అండి?"

"కాదండి. రాళ్లు పరీక్ష చేస్తాను."

"అయితే మా మనవడికి ఏ రాయి పెట్టమంటారు? లెక్కల్లో మార్కులు రావట్లేదండి."

"లెక్కలు చేయించండి" అన్నాను.

"చేయిస్తున్నామండి. దాంతోపాటు రాయి కూడా పెడదామని" అని ఎంతో ఓపిగ్గా చెప్పాడు, నేనేదో తెలియక అన్నట్టు. ఆయన సామర్లకోటలో దిగేదాకా నేను మళ్లీ కిటికీలోంచి తల తిప్పలేదు.

తొమ్మిదీ పదికి రాజమండ్రి. వీర్రాజు గారు ప్లాట్‌ఫాం మీదే ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చేతిలో కుంకుమ భరిణె. స్టేషన్ బయట హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పి, భరిణె మూత తీశారు. లోపల పది పన్నెండు ఎర్రటి రాళ్లు, పెద్దది ఉసిరికాయంత.

"ఆవు పంచితంలో ఒక రాత్రంతా నానబెట్టానండి. తెల్లారేసరికి రంగు దిగింది. గోమేధికం అయితేనే దిగుతుందంట."

"తుప్పు పట్టిన మేకు నానబెట్టినా దిగుతుంది బావగారూ. రాయి మీద ఉన్న ఇనుపమట్టి అది."

"రాళ్లు గుర్తుపట్టే యాప్ కూడా గార్నెట్ అనే చెప్పిందండి" అని ఫోన్ చూపించారు. నేను ఆ ఫోన్ తీసుకుని, పక్క బల్ల మీద ఎవరో వదిలేసిన దానిమ్మ గింజని ఫోటో తీశాను. అది కూడా గార్నెట్ అనే చెప్పింది. ఆయన ఫోన్ వైపు చూసి, "గింజ కూడా అలాగే ఉందిగా అండి మరి" అన్నారు. రెండు పెసరట్లు, రెండు కాఫీలు, నూట అరవై రూపాయలు. అల్లం చట్నీ బాగుంది. ఆ హోటల్లో తెలివిగా ఉన్నది అదొక్కటే.

అసలు విషయం ఇది. గార్నెట్ అంటే ఒకే రాయి కాదు, పెద్ద కుటుంబం. తూర్పు కనుమల్లో కాలికి తగిలేవన్నీ ఆల్మండైన్ అనే రకం. ముదురు ఎరుపు, కాస్త ఊదా జీర, లోపల ఇనుము ఎక్కువ. ఉప్పు కాగితం తయారుచేసే వాళ్లకి పనికొస్తాయి. గోమేధికం ఆ కుటుంబంలోనే వేరే రకం, హెస్సొనైట్. అది సున్నపురాయి బాగా వేడెక్కి మారిన చోట పుడుతుంది. రంగు బెల్లంపాకం రంగు. భూతద్దంలో చూస్తే లోపలంతా పాకంలో నీళ్లు కలుపుతున్నప్పుడు కదిలే తీగల్లా ఉంటుంది. ఆ రెండూ కలవవు. కోరుకొండ చుట్టుపక్కల సున్నపురాయి ఉన్నట్టు నేనెక్కడా చూడలేదు. ఇదంతా బస్సులో చెప్పాను. వీర్రాజు గారు "ఆయ్, ఆయ్" అంటూ విన్నారు. అంటే వినలేదన్నమాట.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తొమ్మిదీ యాభైకి గోకవరం బస్సు ఎక్కితే పదీ నలభైకి కోరుకొండలో దిగాం. కొండ మీద నరసింహస్వామి గుడికి జనం ఎక్కుతున్నారు. మేము అటు కాకుండా ఆటో మాట్లాడుకుని నాలుగు కిలోమీటర్లు పక్కకి వెళ్లాం. అక్కడ గొడుగు వేసుకుని అప్పారావు ఉన్నాడు. మెరక అమ్మిపెట్టే మధ్యవర్తి. రెండు చేతులకీ కలిపి ఏడు ఉంగరాలు.

"మీరొస్తారని తెలిసి కొండ కూడా ఎదురు చూస్తుందండి" అన్నాడు.

"కొండకి వేరే పని లేదేమో" అన్నాను.

డెల్టా రైతుని కొండ దగ్గర నిలబెడితే ఎలా ఉంటాడో చూడాల్సిందే. ఆత్రేయపురంలో ఎంత లోతు తవ్వినా గులకరాయి తగలదు, అంతా ఒండ్రుమట్టి. వేలెడు పుల్ల గుచ్చినా చిగురిస్తుంది. అలాంటి చోట పుట్టినవాడికి నేల నుంచి రాయి బయటికి రావడమే ఒక మహిమ. అప్పారావులాంటి వాళ్లు బతికేది ఆ మహిమ మీదే. వీర్రాజు గారు వరి కంకి నలిపి నోట్లో వేసుకుని రకం చెప్పగలరు. ఇక్కడ మాత్రం చెప్పులు విప్పి, కొండవాలుకి దణ్ణం పెట్టి, అప్పుడు అడుగేశారు.

వాలంతా ఖోండలైట్, తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా కనిపించే రాయి. ఎర్రగా చివికి, సుత్తి తగలకుండానే పొడి రాలుతోంది. దాంట్లోంచి గార్నెట్లు దానిమ్మ గింజల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒకదాని ముఖాలు లెక్కపెట్టి చూపించాను. సరిగ్గా పన్నెండు. పగిలిన చోట నున్నటి పొరలు లేవు, సీసాపెంకులా అడ్డదిడ్డంగా ఉంది. గార్నెట్ అనడానికి అవి చాలు. ఏ రకం గార్నెట్టో తెలియాలంటే నీళ్లు కావాలి.

గిన్నెలో మంచినీళ్లు పోసి, థర్మాకోల్ ముక్క తేలేసి, దాని మీద రాయి పెట్టాను. రాయిని తాకకుండా అయస్కాంతం దగ్గరికి తెచ్చాను. థర్మాకోల్ రాయితో సహా గిన్నె అంచు దాకా ఈదుకుంటూ వచ్చింది. లోపల ఇనుము ఎక్కువ ఉంటేనే అలా వస్తుంది. భరిణెలోని రాళ్లన్నీ ఒక్కొక్కటే పెట్టాను. అన్నీ వచ్చాయి. అక్కడే ఏరినవి పెట్టాను. అవీ వచ్చాయి.

"అయస్కాంతం వెంట రావడం మంచిదేగా అండి, ఆకర్షణ శక్తి ఉన్నట్టు" అన్నాడు అప్పారావు.

"కాలిజోడుకి వేసే మేకు కూడా ఇలాగే వస్తుంది. దాన్ని కూడా ఉంగరంలో పెట్టుకో" అన్నాను. వీర్రాజు గారి మొహం వాడిపోయింది. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

అక్కడితో తిరిగి వచ్చేసి ఉంటే ఈ కథనం ఇంతటితో అయిపోయేది. ఒక తాటిచెట్టు కింద వాననీళ్లు వాలుని కోసిన చోట మూత్రానికని ఆగాను. లేచి చూస్తే మట్టిలో శనగగింజంత రాయి. తీసి చొక్కాకి తుడిచాను. ఎరుపు కాదు. బెల్లంపాకం.

భూతద్దం పెట్టి చూస్తే లోపల తీగలు కదిలాయి. థర్మాకోల్ మీద పెట్టి అయస్కాంతం తెచ్చాను. ముక్క కాస్త వణికి అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి చేశాను. అంతే.

ఈ రాతిలో గోమేధికం పుట్టదని గంట క్రితం బస్సులో చెప్పినవాణ్ణి నేనే. అయినా నా బుర్ర అప్పుడే సాకులు వెతకడం మొదలుపెట్టింది. కింద ఎక్కడో సున్నపురాతి పొర ఒకటి ఉండి ఉంటుంది, ఇప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు, నేనే మొదట చూశాను. రాయికి ముఖాలు లేకుండా గుండ్రంగా, నున్నగా ఉంది. నీళ్లు అరగదీశాయనుకున్నాను. పది అడుగుల కోతలో నీళ్లు రాయిని నున్నగా అరగదీస్తాయని నా విద్యార్థి ఎవడైనా రాసి ఉంటే ఆ పేపరు చించేసేవాణ్ణి.

"ఇది గోమేధికమే బావగారూ" అన్నాను.

వీర్రాజు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పారావు గొడుగు మూసి కొండకి దణ్ణం పెట్టాడు. వీర్రాజు గారు వెంటనే ఇంటికి ఫోన్ చేసి, "మీ అన్నయ్య గారే ఏరారు, మీ అన్నయ్య గారే చెప్పారు, కావాలంటే మాట్లాడు" అని ఫోన్ నాకిచ్చారు. "అవునమ్మా, నిజమే" అన్నాను. "సరే అయితే" అంది సుభద్ర. నేనేం చేశానో నాకు పట్టలేదు. నా ఫోన్ తీసి, నాతోపాటు పాఠాలు చెప్పిన మిత్రుడికి కొత్త విషయం కనిపెట్టానని చెప్పే తొందరలో ఉన్నాను. చెప్పాను కూడా. ఇద్దరం కలిసి పత్రం రాద్దామని కూడా అన్నాను.

పన్నెండున్నర బస్సుకి రాజమండ్రి, అక్కడ ఇంకో బస్సు మారి ధవళేశ్వరం, బ్యారేజీ, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరేసరికి రెండూ నలభై. బస్సులో నా పక్కన అరటిగెలతో కూర్చున్న ఆవిడ, "ఏంటండీ అరచెయ్యి అలా మూసుకుని కూర్చున్నారు, దెబ్బ తగిలిందా?" అని అడిగింది. దారి పొడుగునా గుప్పిట తెరవలేదు నేను.

ఇంటి అరుగు మీద పక్క తోట ఆసామి కూర్చుని ఉన్నాడు. తోట కొనేది ఆయనే. ముందు అగ్రిమెంటు సంతకాలైపోతే సోమవారం రిజిస్ట్రేషన్‌కి తేలిగ్గా ఉంటుందని కాగితాలు తెచ్చాడు. భోజనాలయ్యాక సంతకాలు చేద్దామన్నారు వీర్రాజు గారు. కొరమేను పులుసు, ములక్కాడ కూర, గడ్డపెరుగు. సుభద్ర వడ్డిస్తూ నా వైపు చూడలేదు. నేనూ ఆవిడ వైపు చూడలేదు. వీర్రాజు గారు మెరకలో ఎక్కడ షెడ్డు వెయ్యాలో విస్తరాకు మీద వేలితో గీస్తున్నారు.

చేతులు కడుక్కుంటూ, పెరట్లో కుళాయి దగ్గర రాయిని కూడా పాత బ్రష్‌తో తోమాను. మిత్రుడికి ఫోటో పంపాలని. మట్టి పోయాక అడుగున చిన్న గుంటలో నల్లగా ఏదో మిగిలింది. బ్రష్‌కి రాలేదు. భూతద్దంతో చూస్తే రాయిలో భాగంలా లేదు. వంటింట్లోకి వెళ్లి గుండుసూది స్టౌ మీద ఎర్రగా కాల్చి ఆ నల్లటి దానికి తాకించాను. మెత్తబడి, సన్నగా పొగ వచ్చింది. వాసన చూశాను.

లక్క.

పాతకాలపు కంసాలులు ఉంగరంలో రాయి పొదిగేటప్పుడు కింద లక్క పోసేవారు. కొండలు లక్క పొయ్యవు. గుండ్రటి నున్నటి రూపం నీళ్లు అరగదీసింది కాదు, ఎవరో సానపట్టింది. ముప్ఫై నాలుగేళ్ల చదువు పక్కన పెట్టి నేను కొండ మీద ఏరింది ఎవరి ఉంగరంలోంచో ఊడిన రాయిని.

నేను వెంటనే బయటికి పరిగెత్తి నిజం చెప్పానని రాయాలని ఉంది. అలా జరగలేదు. స్టౌ పక్కన నిలబడి, చెప్పకపోతే ఏమవుతుందా అని ఆలోచించాను. కొండ కింద అసలు పొర ఉందేమో, ఇదొక్కటే ఎవరిదో పడిపోయిందేమో, సోమవారం ఇంకోసారి వెళ్లి చూస్తే... మిత్రుడికి ఏమని చెప్పాలి? అప్పారావు నవ్వుతాడు. బయట ఆసామి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. చాలా సిగ్గేసింది. పొద్దుట్నుంచీ ఎవరెవరిని వెక్కిరించానో వాళ్లందరి కంటే తక్కువగా నిలబడ్డాను అక్కడ.

అరుగు మీదికి వచ్చేసరికి సుభద్ర కూర్చుని ఉంది, కాగితం ఒళ్లో, పెన్ను చేతిలో.

"ఆగమ్మా. పొరపాటు నాది. ఈ రాయి ఆ కొండది కాదు. ఉంగరంలోంచి వచ్చింది."

సుభద్ర నా అరచేతిలో రాయిని ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. నవరత్నాల ఉంగరం పట్టుకుని వచ్చింది. వాళ్ల అత్తగారిది. మధ్యలో కెంపు, చుట్టూ ఎనిమిదింట్లో ఒక చోట ఖాళీ. నా చేతిలోంచి రాయి తీసుకుని ఆ ఖాళీలో పెట్టింది. బొటనవేలితో నొక్కితే కూర్చుంది.

అందరం వీర్రాజు గారి వైపు చూశాం. దొంగతనం పట్టుబడ్డవాడిలా లేరాయన. ఎంతో కష్టంగా లెక్క కట్టుకుంటున్నట్టున్నారు.

"అది కాదండి. నేను పాతింది తాటిచెట్టు మొదట్లో. మీకు దొరికింది కింద కోతలో."

"పాతారా?"

"అప్పారావు చెప్పాడండి. ఇంట్లో ఉన్న గోమేధికం ఒకటి రాహుకాలంలో కొండకి అప్పజెప్తే, కొండ తనవి పైకి తెస్తుందని. రెండు నెలలైంది పాతి. మీరు గోమేధికం అనగానే అది నేను పాతిందేనని నాకు తట్టలేదండి. కొత్తది పుట్టిందనుకున్నానండి."

"రాయి పుట్టడం ఏంటండీ?"

"విత్తనం వెయ్యకుండా ఏదైనా ఎలా వస్తుందండీ బావగారూ?" అని నన్నే అడిగారు, నిజంగానే.

నాకు తిట్టాలనిపించింది. తిట్టాను కూడా. అరవై ఏళ్లొచ్చి రాయిని నాటిన మనిషిని, తల్లి ఉంగరం పీకి ఏడు ఉంగరాలవాడి మాట విన్న మనిషిని, మనసారా తిట్టాను. ఆయన తల దించుకుని విన్నారు. "రెండు వానలకి కిందికి కొట్టుకొచ్చింది, అంతే" అని నేను ముగించాక, "వానలు పడ్డాయండి, నిజమే" అన్నారు. ఆయన చేసింది మోసం కాదు. ఆయనకి తెలిసిన నేలలో ఏది పాతినా మొలిచింది. ఏది ఎక్కడ పుడుతుందో తెలిసీ మురిసిపోయినవాణ్ణి నేను. తిడుతున్నంతసేపూ ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

సుభద్ర కాగితం మడిచి ఆసామికి ఇచ్చేసింది. "తోట అమ్మట్లేదండి. కాఫీ తాగి వెళ్లండి" అంది. ఆయన కాఫీ తాగకుండానే వెళ్లాడు.

నాలుగూ నలభై బస్సుకి బయల్దేరాను. వీర్రాజు గారు బస్‌స్టాండు దాకా వచ్చి నా సంచి మోశారు. సుత్తి బరువుకి భుజం మార్చుకుంటూ, "అప్పారావు ఉత్త వెధవన్నమాట" అన్నారు. అనుమానం లేదన్నాను. సుభద్ర నెయ్యి ఎక్కువ వేసిన బెల్లం పూతరేకులు రెండు డబ్బాలు సంచిలో పెట్టి ఉంచింది.

ఆరూ ఇరవైకి రాజమండ్రిలో రైలు. జనం బాగా ఉన్నారు, సామర్లకోట దాకా నిలబడ్డాను. సీటు దొరికాక మిత్రుడికి ఫోన్ చేసి పత్రం రాయక్కర్లేదని, అది మా చెల్లెలి ఉంగరంలోదని చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుని ఫోన్ పెట్టేశాడు. కోరుకొండ వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి. దారి సులువు, బస్సులున్నాయి, గుడి బాగుంటుంది, వాలుల్లో ఎర్ర గార్నెట్లు ఎన్నయినా ఉచితంగా చూడొచ్చు. రకం తేల్చాలంటే అయస్కాంతం, థర్మాకోల్ చాలు. పక్కన నాలాంటి పండితుడు ఉంటే మాత్రం వాడు చెప్పేది కూడా కాస్త నీళ్లలో తేలేసి చూసుకోండి.

తుని దగ్గర సుభద్ర ఫోన్ చేసింది.

"సీటు దొరికిందా?"

"దొరికింది."

"ఆయన మీద అంత అరిచావు. పాపం, ఆయన అన్నం కూడా తినట్లేదు."

"తిట్టొద్దా మరి? తోట పోయేది."

"ఆయన వెర్రివాడని నాకు పెళ్లైన ఏడాదే తెలుసన్నయ్యా. అందుకే మూడు నెలలు చెప్పినా సంతకం పెట్టలేదు. ఇవాళ పెన్ను మూత తీసింది ఆయన మాటకి కాదు, నువ్వు కొండ మీంచి నిజమే అన్నావని. ఆయన దగ్గరైతే జాగ్రత్తగా ఉంటాను. నీ దగ్గర జాగ్రత్తగా ఉండాలని ఎప్పుడూ అనుకోలేదు."

ఉన్నావా అని రెండుసార్లు అడిగింది. ఉన్నానమ్మా అన్నాను.